తలుపు లోపలి అంకె

పోయిన వారం బెర్నిస్ కోసిక్‌ను ఖాళీ షెడ్డులో వదిలి వచ్చాం. ఆమె చంకలో వైర్లు పరిచి కట్టే మేకుల బల్ల, చేతిలో కుర్చీ మెత్త, బయట ఎవరో తలుపు కొడుతున్న చప్పుడు. షికాగో శివార్లలోని ఆ టిన్ లాంటర్న్ కంపెనీ, నాణెం వేసి ఇనుప బంతితో ఆడే పిన్‌బాల్ మెషీన్లు చేసేది, మూతపడి అప్పటికి వారం రోజులైంది. 'ఆఖరి ఫెర్రీ' అనే మెషీన్ కోసం రెండు వందల నలభై మంది ముందుగానే సొమ్ము కట్టి రెండేళ్ళుగా ఎదురు చూస్తుంటే, అందింది పంతొమ్మిది మందికే. ఈ సాయంత్రం నాలుగింటికి షెడ్డు యజమాని మనుషులు వచ్చి తాళాలు మార్చేస్తారు. ఆ తరవాత లోపలున్న మేకు కూడా బయటికి రాదు. నలభై ఏళ్ళుగా పిన్‌బాల్ మెషీన్లకు వైర్లు కడుతున్న బెర్నిస్ తన బల్ల తాను తీసుకుపోదామని వచ్చింది. అంతకు మించి ఆమెకు ఏ ఆశా లేదు.

తలుపు మళ్ళీ మోగింది.

"ఎవరూ లేరు" అంది లోపలి నుంచి.

"లేనివాళ్ళు మాట్లాడరు కదండీ" అంది బయటి గొంతు.

ఆ మాటకు నవ్వాలో విసుక్కోవాలో తెలియక బెర్నిస్ మెత్త కింద పెట్టి గడియ తీసింది. ఎదురుగా అరవై అయిదేళ్ళు దాటిన మనిషి, చెవులు కప్పే టోపీ, బూట్లకు మార్చి నెల బురద మంచు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంది. చేతిలో బిస్కట్ల డబ్బా ఒకటి పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఆర్లో టీగన్, మేడమ్. అయోవా నుంచి. పోయినేడు మెషీన్ల ప్రదర్శనలో కలిశాం. ఎనభై ఏడో నంబరు మెషీన్ నాది."

బెర్నిస్‌కు వెంటనే గుర్తొచ్చాడు. గుర్తు రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"ఇది మార్లిస్ పంపింది" అని డబ్బా ముందుకు చాచాడు. "మా ఆవిడ. ఖర్జూరం బిస్కట్లు. నేను గొడవ పెట్టుకోడానికి వెళ్తున్నానని తెలిసీ పంపింది. అయిదు గంటల దారి, ఒక్కటి కూడా ముట్టుకోలేదు నేను."

"లోపలికి రండి. చలి."

లోపలా చలే. హీటరు ఆపేసి మూడు రోజులైంది. ఆర్లో టోపీ తియ్యకుండానే షెడ్డంతా కలయజూశాడు. పెయింట్ వెయ్యని చెక్క పెట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. బంతిని కొట్టే ఫ్లిప్పర్లు, స్ప్రింగులు ఉండాల్సిన అరలు ఖాళీ. పద్నాలుగు మంది కూర్చునే బల్లల మీద పద్నాలుగు కాఫీ కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో, దీపం కింద, ఒకే ఒక్క పూర్తయిన మెషీన్ నిలబడి ఉంది. నీలం రంగు సరస్సు, ఎరుపు దీపస్తంభం, నడిమధ్య అటూఇటూ ఊగే ఫెర్రీ పడవ.

ఆర్లో దాని దగ్గరికి వెళ్ళలేదు. దూరం నుంచే చూసి, కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం, పాత పోస్టుకార్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

పోస్టుకార్డు బెర్నిస్ రాసిందే. 'ఆర్లో గారూ, మీ మెషీన్‌కి తొలి బంతి నేను ఆడను. అది మీకే వదిలేస్తాను. మాట. బెర్నిస్.'

ఈ తొలి బంతి సంగతి ఒకమాట చెప్పుకోవాలి. బెర్నిస్ ఇరవై రెండేళ్ళ పిల్లగా పాత పెద్ద ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ అది. వైర్లు కట్టిన మనిషే పూర్తయిన మెషీన్ మీద మొదటి బంతి ఆడుతుంది. ఎన్ని పాయింట్లు వచ్చాయో ఆ అంకె, మెషీన్ ముందు నాణేలు వేసే చిన్న తలుపు లోపలి చెక్క మీద పెన్సిలుతో రాస్తుంది, కింద తన పేరు. ఊళ్ళలోని బార్లలో, ఇళ్ళ నేలమాళిగల్లో, ఎవరో తలుపు తెరిచి బల్బు మార్చినప్పుడు ఆ పేరు చూస్తారు. బెర్నిస్‌కు ఇల్లూ వాకిలీ పెద్దగా లేవు. ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ వేల తలుపుల వెనక ఉన్న పేరే.

"నేను ఇరవై రెండేళ్ళు బార్లలో మెషీన్లు బాగుచేశాను" అన్నాడు ఆర్లో. "ఎప్పుడూ ఎవరో ఆడేసినవే. సిగరెట్టు మచ్చలు, బీరు జిగురు. జన్మలో ఒక్కటి, ఎవరూ ముట్టుకోనిది కావాలనుకున్నాను. అందుకే ప్రదర్శనలో మిమ్మల్ని అడిగాను, ఆ మొదటి బంతి నాకు వదలండి అని. మీరు నవ్వి సరేనన్నారు. పైగా కార్డు కూడా రాశారు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాను, మేడమ్. మా మనవలు కూడా చదివారు."

"గుర్తుంది."

"మరి ఇదేంటి?"

కాగితం విప్పాడు. కంపెనీ పంపిన ఫోటోలు మూడు. మెషీన్ ఎదుటి భాగం, ఎనభై ఏడో నంబరు ప్లేటు, తెరిచిన తలుపు. తలుపు లోపల పెన్సిలు రాత: 4,712,380. కింద, బెర్నిస్.

"మొదట ఇది చూసినప్పుడు కంపెనీ మీద కోపం రాలేదు. మీ మీద వచ్చింది. మాట ఇచ్చి తప్పిందే ఈవిడ అనుకున్నాను. రెండు రోజులు మార్లిస్‌తో మాట్లాడలేదు, ఆవిడ తప్పేం లేకపోయినా. తరవాత కొనుక్కున్నవాళ్ళంతా ఇంటర్నెట్‌లో రాసుకునే పేజీ ఒకటుంది కదా, అందులో ఒకావిడ తన ఫోటో పెట్టింది. నూట పన్నెండు. అదే అంకె. ఇంకొకాయన నలభై ఒకటి. అదే అంకె. నలభై ఏడు లక్షల పన్నెండు వేల మూడు వందల ఎనభై. ఇంతమందికీ ఒకే అంకె వచ్చేంత గొప్ప ఆటగత్తేనా మీరు?"

బెర్నిస్ తన మెత్తలేని కుర్చీలోనే కూర్చుంది.

"నాకు ఒక్కటి చెప్పండి" అన్నాడు ఆర్లో. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "అయిదు గంటలు అదే ఆలోచిస్తూ వచ్చాను. మీరు నా తొలి బంతి ఆడేశారా, లేకపోతే నా మెషీనే లేదా? రెండింట్లో ఏది?"

అటు చెప్పినా తప్పే, ఇటు చెప్పినా తప్పే. అయినా ఇది అడగడానికి ఒక మనిషి ఇంత దూరం వచ్చాడంటే ఆమెకు ముందు ఆశ్చర్యం, ఆ వెనకే సిగ్గు కలిగాయి.

"మాట తప్పలేదు" అంది చివరికి. "మీ మెషీన్ లేదు, అంతే. ఎప్పుడూ లేదు."

ఆర్లో బల్ల అంచు పట్టుకున్నాడు. తల రెండుసార్లు ఊపాడు, బండి రిపేరుకు రాదని మెకానిక్ చెప్పినప్పుడు ఊపినట్టు.

"ఆ ఫోటోలో ఉన్నది అదే" అని బెర్నిస్ దీపం కిందున్న మెషీన్ వైపు చూపించింది. "మొట్టమొదటి శాంపిల్. ఇరవయ్యోది మొదలెట్టేసరికి విడిభాగాలు రావడం ఆగిపోయింది. ఫోటోలు మాత్రం ఆగలేదు. ప్లేటు మార్చడానికి రెండు స్క్రూలు, నిమిషం పని. ప్లేట్లు బిగించింది నేనే. ఫోటోలు తీసింది కూడా నేనే."

"ఎన్నిసార్లు?"

"ముప్పై ఎనిమిది."

"మీకు తెలీదా మరి?"

"మొదటి నాలుగుసార్లు తెలీదు. వాళ్ళ మెషీన్ పెయింటింగ్‌లో ఉంది, ఫోటో కోసం ఇది వాడదాం అన్నాడు మా కంపెనీ యజమాని క్రెయిగ్. అయిదోసారికి తెలిసింది. పెయింట్ వాసన రాకుండా పెయింటింగేంటి? అడగలేదు. అడిగితే ఈ పద్నాలుగు కుర్చీలూ ఆ రోజే ఖాళీ అయ్యేవి. ఇంకో నెల, ఇంకో నెల అనుకుంటూ లాగాం." ఆమె మొహం తుడుచుకుంది. "నేను మంచిదాన్నని మీకు చెప్పబోవడం లేదు, ఆర్లో గారూ. బాగా అలిసిపోయాను. అంతే చెప్పగలను."

"అయితే ఆ అంకె ఎందుకు మార్చలేదు? ఎలాగూ అబద్ధమే ఆడుతున్నప్పుడు?"

ఆ ప్రశ్న తనకు తానే చాలాసార్లు వేసుకుంది బెర్నిస్.

"మార్చమన్నాడు. ప్రతిసారీ రబ్బరుతో చెరిపి కొత్తది ఒకటి రాసెయ్ అన్నాడు. సరేనని తలూపాను. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి రాలేదు. ప్లేటు బిగించగలిగాను గానీ, ఆడని బంతికి అంకె వెయ్యలేకపోయాను. నలభై ఏళ్ళలో ఒక్కటి కూడా ఉత్తుత్తి అంకె రాయలేదు మరి. వినడానికి పిచ్చిగా ఉంటుంది, నాకు తెలుసు."

ఆర్లో కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "పిచ్చిగా లేదు" అన్నాడు. "మా పాత యజమాని ఒకడుండేవాడు. బార్ల వాళ్ళ దగ్గర తెగ దోచేవాడు, కానీ ఫ్యూజు బదులు వైరు ముక్క పెడితే మాత్రం చెంప పగలగొట్టేవాడు."

బెర్నిస్ లేచి, సొరుగులోంచి రేకు డబ్బా తీసింది. నంబరు ప్లేట్లు గలగలలాడాయి. వెతికి, ఎనభై ఏడు ఉన్న ఇత్తడి ప్లేటు తీసి అతని అరచేతిలో పెట్టింది. "మీదంటూ ఇక్కడ ఉన్నది ఇదొక్కటే. తీసుకోండి."

ఆర్లో దాన్ని బొటనవేలితో రుద్ది చొక్కా జేబులో, స్క్రూడ్రైవర్ పక్కన వేసుకున్నాడు. తరవాత ఇంకో కాగితం తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు తటపటాయించాడు.

"ఇవాళ పొద్దున అందరికీ వచ్చింది. మీరు చూశారా?"

చూడలేదు. కంపెనీ పంపిన ఉత్తరం. నిలబడే చదివింది. క్షమాపణలు, విడిభాగాల ధరలు, అనుకోని పరిస్థితులు. చివర నాలుగు వాక్యాలు మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. 'వినియోగదారులకు వెళ్ళిన ఫోటోల వ్యవహారం వైర్ల విభాగానికి చెందిన బెర్నిస్ కోసిక్ చూసుకునేవారు. జరిగిన పొరపాటు యాజమాన్యానికి తెలియకుండా జరిగింది. తలుపు మీది చేతిరాత ఆమెదే. విచారిస్తున్నాం.' కింద క్రెయిగ్ ల్యాండిస్ సంతకం.

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. రేపటి నుంచి ఏ బారులోనో ఎవరో తలుపు తెరిచి ఆ పేరు చూసి, ఓహో, ఆ దొంగ ఫోటోల మనిషా అనుకుంటారు. ముప్పై ఏళ్ళ నాటి మెషీన్ల మీద కూడా. నిజం అంకెల కింద కూడా.

"పేజీ నిండా మీ పేరే" అన్నాడు ఆర్లో మెల్లిగా. "నిన్న మధ్యాహ్నమే నేను రాశాను అందులో, ఎవరేమన్నా నేను వెళ్ళి కళ్ళారా చూసి వస్తాను, శుక్రవారం ఒంటిగంటకి అక్కడుంటాను అని."

వెనక తలుపు కిర్రుమంది. క్రెయిగ్ ల్యాండిస్ ఖాళీ అట్టపెట్టె ఒకటి పట్టుకుని లోపలికొచ్చాడు. నలభై అయిదేళ్ళవాడు. ఈ రెండేళ్ళలో జుట్టు సగం నెరిసింది. ఆ ఊగే పడవను రుమాలు కాగితం మీద గీసి అందరినీ వెర్రెక్కించింది ఇతనే. గీసినప్పుడు నిజంగానే చేద్దామనుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"బెర్నీ, నువ్వింకా ఇక్కడే ఉన్నావా" అని, కొత్త మనిషిని చూసి ఆగాడు. "వీరు?"

"ఎనభై ఏడు" అంది బెర్నిస్. "ఉత్తరం చదివాను, క్రెయిగ్."

అతను అట్టపెట్టె నెమ్మదిగా కింద పెట్టాడు. "లాయరు రాశాడది. నేను సంతకం పెట్టానంతే. నీ దగ్గర పోయేదేముంది బెర్నీ, నీ మీద ఎవరు కేసు వేస్తారు? నాకైతే ఇల్లు పోతుంది."

"పేరు పోతుంది."

"పేరుదేముంది, ఆరు నెలల్లో మర్చిపోతారు." కళ్ళు నులుముకున్నాడు. "అసలు నువ్వా అంకె మార్చి ఉంటే ఇదంతా లేనే లేదు. మారుస్తున్నావనుకున్నాను. నీ మీద నమ్మకంతో చూడకుండా పంపేశాను. ఒక్క రబ్బరు ముక్క బెర్నీ. ఇంకో రెండు నెలలు దొరికితే పెట్టుబడి వచ్చేది."

"రెండు నెలల కిందటా అదే అన్నావు. దానికి ముందూ అదే."

క్రెయిగ్‌కీ ఓపిక అయిపోయింది. ఆర్లో వైపు తిరిగి, ఆట పరికరాలు అమ్మేటప్పటి ఆ పాత మంచి గొంతు ఎక్కడినుంచో తెచ్చుకున్నాడు.

"చూడండి, బయట బండికి కట్టిన ట్రెయిలర్ మీదే కదా? ఆ మెషీన్ తీసుకెళ్ళండి. నాలుగింటి దాకా అది నాదే. కాగితం రాసిస్తాను. ఇంటికెళ్ళి ఆ పేజీలో ఒక్క ముక్క రాయండి చాలు, నా మెషీన్ నాకు అందింది, ఫోటోల గొడవ ఏదో పొరపాటు అని. మీ మాట అందరూ నమ్ముతారు."

ఆర్లో మొదటిసారి మెషీన్ దగ్గరికి నడిచాడు. అద్దం మీద అరచెయ్యి ఆనించి, లోపలి పడవను వంగి చూశాడు. అద్దంలో మొహం కనపడేంత దగ్గరగా. ఇరవై రెండేళ్ళ బీరు జిగురు, సిగరెట్టు మచ్చల మనిషికి అది ఎంత అందంగా కనిపిస్తుందో బెర్నిస్ ఊహించగలదు. అతను ఇది తీసుకెళ్తే ఆ తలుపూ దాంతోపాటే వెళ్ళిపోతుంది. మెషీన్ ఒక్కటే ఉండేదని, తాను అంకె మార్చలేదని చూపించడానికి ఇక ఏమీ మిగలదు. ఉత్తరం మాత్రం మిగులుతుంది.

"మేడమ్" అన్నాడు ఆర్లో, తల తిప్పకుండా. "మీరేమంటారు?"

ఆగండి అనాలనుంది ఆమెకు. అనే హక్కు ఉందా అంటే, ఉన్నట్టు తోచలేదు. అతనికి అబద్ధం పంపింది తనే కదా.

"నన్నడక్కండి. నేను చెప్పలేను. తీసుకెళ్తానంటే అడ్డం రాను."

ఆర్లో ఊ అనలేదు, ఉహూ అనలేదు. ఆ మౌనాన్ని క్రెయిగ్ ఒప్పుకోలు కింద కట్టేశాడు. గోడవారనున్న తోపుడు ట్రాలీని, పట్టీలను మెషీన్ దగ్గరికి నెట్టి, "బెర్నీ, షట్టరు ఎత్తు" అన్నాడు. పదేళ్ళుగా రోజూ చెప్పే గొంతుతోనే.

ఆమె వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే, అలవాటు. పచ్చ బటన్ నొక్కితే ఇనుప షట్టరు మూలుగుతూ లేవసాగింది. ముందు మంచు బురద కనిపించింది, తరవాత చక్రాలు, తరవాత బూట్లు.

చాలా బూట్లు.

షట్టరు పైకి చేరేసరికి పెరడంతా కనిపించింది. ఆర్లో పికప్ వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, వీధి మలుపు దాకా. అన్నిటికీ ట్రెయిలర్లు కట్టి ఉన్నాయి. విస్కాన్సిన్ నంబర్లు, ఇండియానా నంబర్లు, ఒహాయో నంబర్లు. ముందు నిలబడ్డ పదిహేను ఇరవై మంది చేతుల్లోనూ కాగితాలున్నాయి. దగ్గరికెళ్ళి చూడనక్కర లేదు, ఆ ఫోటోలు తను తీసినవే.

నీలం కోటు తొడుక్కున్న ఒకావిడ ముందుకొచ్చింది. "ఎవరో ఒంటిగంటకి వస్తున్నాడని రాస్తే మేమూ బయల్దేరాం. నాది నూట పన్నెండు. నా మెషీన్ ఎక్కడ?"

"నాది నలభై ఒకటి" అన్నాడు వెనకనుంచి ఒకతను. అరిచి కాదు, క్లినిక్‌లో తన వంతు గుర్తుచేసినట్టు.

క్రెయిగ్ బెర్నిస్ భుజం దగ్గరికి వచ్చాడు. "శాంపిల్ ఫోటోలు కలిసిపోయాయని చెప్పు. నీకు తెలీకుండా జరిగిందని చెప్పు. నీకే మంచిది" అని గొణిగి, గొంతు సవరించుకుని, బయటివాళ్ళతో, "ఫోటోలన్నీ ఈవిడే చూసుకునేవారు. ఈవిణ్ణే అడగండి" అన్నాడు.

అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. బెర్నిస్‌కు వింతగా భయం వెయ్యలేదు. రెండేళ్ళుగా మోస్తున్న మూట దించడానికి చోటు దొరికినట్టనిపించింది.

"అవును, ఫోటోలు నేనే తీశాను" అంది. "ప్లేట్లు నేనే మార్చాను. ముప్పై ఎనిమిది సార్లు. మీరందరూ పట్టుకున్నది ఒకే మెషీన్ ఫోటో. ఇది ఎవరు చెయ్యమన్నారో కూడా చెప్తాను, ఆయన ఇక్కడే ఉన్నారు. మీ మెషీన్లు లేవు. నన్ను ఏమన్నా అనండి, పడతాను. కానీ ముందు లోపలికొచ్చి ఆ తలుపు చూడండి. ఆ అంకె ఒక్కటి మాత్రం నిజం. దాన్ని మార్చమన్నా నేను మార్చలేదు. ఒకే మెషీన్ ఉందనడానికి అదే సాక్ష్యం. అది ఇక్కడే ఉండాలి."

నీలం కోటు ఆవిడ గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టింది. ఆమె చూపు బెర్నిస్‌ను దాటి వెనక్కి పోయింది.

అప్పుడు వినపడింది. టక్. టక్. టక్. సరుకు కట్టే పట్టీని పళ్ళ చక్రం ఒక్కో పన్నూ దాటుతూ బిగిస్తున్న చప్పుడు.

బెర్నిస్ వెనక్కి తిరిగింది. మెషీన్ ట్రాలీ మీద ఉంది. ఆర్లో ఒక మోకాలి మీద కూర్చుని పట్టీ లాగుతున్నాడు. స్క్రూడ్రైవర్ నేల మీద, అతని బూటు పక్కన పడి ఉంది. అతను తల ఎత్తలేదు.

మెషీన్ ఎదుటి భాగాన ఎనభై ఏడో నంబరు ఇత్తడి ప్లేటు మెరుస్తోంది. ఆ మెషీన్‌కి ప్లేటు మారడం ఇది ముప్పై తొమ్మిదోసారి.